మా పులికి లైసెన్సు

రేడియోకి లైసెన్సు కట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించుకుని, ఆ పుస్తకాన్ని రేషను కార్డు పక్కన భద్రంగా దాచుకునేవాళ్ళం. సైకిలుకీ ఉండేది. మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన బిళ్ళ కనబడకపోతే వీధి మలుపులో నిలబడ్డ మనిషి సైకిలు ఆపేసేవాడు. ఆ రెండూ ఎప్పుడో పోయాయి. కుక్కకి లైసెన్సు మాత్రం పోలేదు. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు లాంటి నగరాల్లోనూ, ఇంకా చాలా పట్టణాల్లోనూ పెంపుడు కుక్కని నమోదు చేయించాలన్న నిబంధన నిక్షేపంలా ఉంది. ఉందన్న సంగతే చాలామందికి తెలియదు, అంతే.

మా కుక్కకి లైసెన్సుందని చెబితే చుట్టాలు నవ్వుతారు. "అయితే బండి నడుపుతుందన్నమాట!" అని మా మరిది చమత్కారం.

కుక్క పేరు పులి. గోధుమరంగు ఒంటి మీద నల్లటి చారలుంటాయి మరి. ఒక వానాకాలం సాయంత్రం మా అబ్బాయి కాలేజీ నుంచి వస్తూ చొక్కాలో దాచి తెచ్చాడు. అప్పుడది గుప్పెడంత. "రెండ్రోజులుంచుకుని ఎవరికైనా ఇచ్చేద్దాం అమ్మా" అన్నాడు. పిల్లలు ఇలాంటి మాటంటే దాని అర్థం ఏమిటో తల్లులందరికీ తెలుసు. మా అత్తయ్యగారు "వంటింటి గడప దాటితే ఊరుకునేది లేదు" అన్నారు, కుక్కననో నన్ననో తేలకుండా. ఇప్పుడు ఆవిడ పెరుగన్నం కలిపి "ఒరేయ్ పులీ" అని పిలిస్తే తప్ప అది ముద్ద ముట్టదు.

మూడో నెల నిండగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏటా జులై 6న అక్కడ పెంపుడు కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొట్టమొదటిసారి ఆ టీకా ఇప్పించాడు. ఆ కుర్రాడు బతికాడు. ఆ పుణ్యమే ఈనాటి మన ఉచిత టీకా. ఆ రోజు ఆసుపత్రి ఆవరణ పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. ఆల్సేషియన్లు, పొమరేనియన్లు, వాటి మధ్య మా పులిలాంటి వీధి సంతానం. కుక్కలన్నీ బుద్ధిగానే ఉంటాయి, వరస తప్పేది మనుషులే. డాక్టరు సూది వేసి, కార్డు మీద తేదీ రాసి, "మునిసిపాలిటీలో లైసెన్సు తీసుకోండమ్మా, ఈ కార్డు చూపిస్తే సరిపోతుంది" అన్నాడు.

సరిపోలేదు. మునిసిపల్ ఆఫీసులో ఆ కౌంటరు ఏదో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. జనన మరణాల దగ్గరికి వెళ్తే ఇంటిపన్ను దగ్గరికి పొమ్మన్నారు, ఇంటిపన్ను వాళ్ళు ఆరోగ్య విభాగం వైపు చూపించారు. అక్కడి గుమాస్తా మంచివాడే. నా మాట విని కళ్ళజోడు పైకి నెట్టి, బీరువాలోంచి దుమ్ము పట్టిన కట్ట తీసి, ఊది, ఒక ఫారం లాగాడు.

"పేరు?"

"పులి."

"లైసెన్సు పులికా, కుక్కకా అమ్మా?"

"కుక్కకేనండీ. పేరు పులి."

"జాతి?"

మన వీధుల్లో ఎన్ని తరాలుగానో పుట్టి పెరుగుతున్న దానికి ఏ జాతి అని చెప్పను? "దేశవాళీ అని రాసుకోండి" అన్నాను. రాసుకున్నాడు. ఆ ఏడాదిలో ఎంతమంది లైసెన్సు తీసుకున్నారని కుతూహలం కొద్దీ అడిగాను. రిజిస్టరు తిప్పి చూసి "మీతో నాలుగు" అన్నాడు. మా ఒక్క వీధిలోనే పదికి తక్కువ లేవు. "మీ ఇంట్లో కుక్క ఉందా?" అంటే "రెండున్నాయండీ" అని నవ్వాడు. వాటికి లైసెన్సుందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చి చెబితే మా వారు పేపరు వెనకనుంచే, "ఇంటికి పన్ను, నీళ్ళకి పన్ను, చెత్తకి రుసుము, ఇప్పుడు కుక్కక్కూడానా?" అన్నారు. మొగవాళ్ళకి పన్ను అన్న మాట చెవిన పడితే మిగతాది వినబడదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం మాత్రం లేదు. కుక్క లైసెన్సులు చాలాచోట్ల పన్నుగానే మొదలయ్యాయి. ఇంగ్లండులో 1878లో కుక్కకి ఏడున్నర షిల్లింగులు అని పెట్టారు. వందేళ్ళు దాటినా ఆ రేటు మారలేదు. కొత్త నాణాల లెక్కలో అది 37 పెన్నీలయింది. వసూలయ్యేదానికన్నా వసూలు చేసే ఖర్చు ఎక్కువవుతోందని 1980ల చివర ఎత్తేశారు. ఎత్తేసి ఊరుకోలేదు. 2016 నుంచి అక్కడ ప్రతి కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు ఉండాల్సిందే, అందులో నెంబరూ, ఆ నెంబరు మీద యజమాని చిరునామా. ఇక్కడా ఆ గాలి వీస్తోంది. చెన్నై కార్పొరేషను 2025లో లైసెన్సు లేకుండా కుక్కని పెంచితే 5000 రూపాయల జరిమానా అంది. ఈ మాట విన్నాక మా వారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఫారంలో ఇంటి చిరునామాకి రుజువు, టీకా కార్డు నకలు అడిగారు. వాటికి కష్టం లేదు. మూడోది ఇరుగుపొరుగుల్లో ఇద్దరు తమకి అభ్యంతరం లేదని సంతకం చెయ్యడం. కొన్ని ఊళ్ళలో ఈ ఆచారం ఉంది, మా ఊరు అందులో ఒకటి.

అపార్టుమెంటులో ఉండేవాళ్ళకి ఈ సంతకం విలువ చెప్పక్కర్లేదు. లిఫ్టులో కుక్కని ఎక్కించకూడదని, అసలు కుక్కలే ఉండకూడదని తీర్మానాలు చేసిన అసోసియేషన్లు ఎన్ని లేవు! కుక్కల్ని పెంచుకోవద్దని అసోసియేషన్లు శాసించడానికి వీల్లేదని, లిఫ్టు వాడనివ్వం అనకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే సూచనలిచ్చింది. ఆ కాగితం పట్టుకుని పోట్లాటకి దిగే కుక్క యజమానుల్ని నేను చూశాను. అదే కాగితంలో కింద, కుక్కని గొలుసుతో తిప్పండి, అది చేసిన మలినం ఎత్తండి అన్న వాక్యాలు కూడా ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి వాళ్ళ చత్వారం ముదురుతుంది.

మొదటి సంతకం ఎదురింటి వదినగారు నిలబడే పెట్టేశారు. రెండోదానికి పక్క ఫ్లాటు పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. డెబ్బయ్యికి దగ్గర పడ్డ మనిషి. పులి పిల్లగా ఉన్నప్పుడు కూడా ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. లిఫ్టులో మేముంటే "మీరెళ్ళండి" అని ఆగిపోయేవారు. శుచీ శుభ్రం పట్టింపు కాబోలు అనుకునేవాళ్ళం అందరం.

కాఫీ ఇచ్చి, ఫారం చూసి, పక్కన పెట్టేశారు. "ఏమ్మా, కుక్క కరిస్తే ఈ కాగితం ఏం చేస్తుంది?" అన్నారు. తర్వాత తనంతట తనే చెప్పారు.

1968. కోనసీమలో వాళ్ళ ఊరు. పిన్నిగారికి అప్పుడు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. వాళ్ళ వీధిలో ఒక ఎర్రకుక్క ఉండేది. వీధికుక్క అనడానికి లేదు. ఒక ఇంట్లో గంజి తాగేది, ఇంకో ఇంటి అరుగు మీద పడుకునేది, మూడో ఇంటివాళ్ళు చేలోకి వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు. ఒకరోజు ఆడుకుంటుంటే పిల్లవాడి పిక్క మీద పన్ను దింపింది. పెద్ద గాయం కాదు. ఎవరో పసరు పోశారు, ఎవరో సున్నం రాశారు, ఎవరో తాయెత్తు కట్టారు. సూదులు వేయించాలంటే రేవు దాటి పట్నం వెళ్ళాలి. అప్పట్లో బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు. వాళ్ళ నాన్నగారు, కుక్క ఎవరిదో తెలిస్తే దాన్ని పది రోజులు కట్టేసి చూద్దామని మూడిళ్ళకీ వెళ్ళారట. మొదటివాళ్ళు, "మాది కాదండీ, గంజి పోస్తాం, అంతే" అన్నారు. రెండోవాళ్ళు, "అరుగు మీద పడుకుంటే మాదైపోతుందా?" అన్నారు. మూడోవాళ్ళు తలుపే తియ్యలేదు. ఈ లోపల కుక్క ఎటో పోయింది.

"రెండు నెలలకి నీళ్ళు చూసి భయపడ్డాడమ్మా" అన్నారు పిన్నిగారు. ఆ పైన చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపయ్యాక మళ్ళీ ఆవిడే, "కుక్క మీద నాకు కోపం లేదు. నోరు లేనిది, జబ్బు చేసింది. అన్నం పెట్టినన్నాళ్ళూ మూడిళ్ళవాళ్ళదీను, కరిచాక ఎవరిదీ కాకుండా పోయింది చూడు, అదీ నాకు మింగుడు పడదు" అన్నారు.

ఫారం ఉంచి వెళ్ళమన్నారు. ఉంచి వచ్చేశాను.

ఆ రాత్రి ఆవిడ మాటే నా చెవుల్లో తిరిగింది. మహాభారతం మొదట్లో, ఆదిపర్వంలో, సరమ కథ ఉంది కదా. జనమేజయుడు యాగం చేస్తుంటే ఒక కుక్కపిల్ల అక్కడికి వస్తుంది. హోమద్రవ్యాలు ముట్టుకోకపోయినా రాజు తమ్ముళ్ళు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లికి చెబుతుంది. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని అడుగుతుంది. జవాబు రాదు. మీకు అనుకోని భయం కలుగుగాక అని శపించి పోతుంది. అంతటి రాజుకీ దిగులు పట్టుకుని, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. ఆ కుక్కపిల్లకి 'ఇది నాది' అని వచ్చి నిలబడే మనిషి, అదే లెండి, తల్లి ఉంది. కోనసీమ ఎర్రకుక్కకి అలా అనేవాళ్ళు ఒక్కరున్నా, ఆ పిల్లవాడికి రేవు దాటే టైముండేదేమో.

ఆ ఫారంలో కింద యజమాని సంతకం అన్నచోట ఉన్న మాటలు నేను మర్నాడు మళ్ళీ చదివాను. పై కుక్క నాది, దాని బాధ్యత నాది అని ఉంది. ఆ దుమ్ముకట్టలో ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా తీసేసినా ఫరవాలేదు.

ఇంకో ఉపయోగం డాక్టరు చెప్పాడు. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మరణాలు దాదాపు అన్నీ కుక్కకాటు వల్లే, అందులో పిల్లలు ఎక్కువ. జబ్బు లక్షణాలు కనబడ్డాక మందు లేదు. అదే ఒక ఊళ్ళో కుక్కల్లో నూటికి డెబ్బయింటికి టీకా పడితే ఆ జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి పాకడం ఆగిపోతుంది. నూటికి డెబ్బయ్ అనాలంటే ముందు ఊళ్ళో కుక్కలెన్నో తెలియాలి కదా! మా ఊళ్ళో రిజిస్టరు ప్రకారం నాలుగు.

పిన్నిగారు నాలుగో రోజు సాయంత్రం ఫారం తెచ్చి ఇచ్చారు. సంతకం ఉంది. దాని వెనక పెన్సిలుతో మూడు షరతులు ఉన్నాయి. గొలుసు లేకుండా గుమ్మం దాటకూడదు. లిఫ్టులో పిల్లలుంటే కుక్కతో ఎక్కకూడదు. ఏటా సూది వేయించిన కార్డు తనకి చూపించాలి. "ప్రభుత్వం అడిగినవి అది అడిగింది, నావి నేను అడిగాను" అన్నారు. నా మటుకు నాకు ఆ మూడూ మునిసిపాలిటీ నిబంధనలకన్నా నచ్చాయి. ఎందుకంటే వాటిని చూసే మనిషి పక్క ఫ్లాటులోనే ఉంది.

చట్టం కూడా గొలుసు సంగతి తేలిగ్గా తీసుకోలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఉంది. తన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ ఒంటికి గానీ ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాళ్ళకి ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూను. పాత ఐ.పి.సి.లోనూ ఉండేది, జరిమానా వెయ్యి రూపాయలే. "మావాడు ఏం చెయ్యడండీ, ఆడుకుంటాడు" అని గొలుసు చేతికి చుట్టుకుని నడిచే పెద్దమనుషులకి ఈ సెక్షను ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును. వాడు ఆడుకుంటాడో కరుస్తాడో ఎదుటి పిల్లకి తెలియదు కదా.

ఇక ఎత్తిపోసే పని. పాత పేపరు ముక్కా, చిన్న పారా పట్టుకుని నేను కుక్క వెంట నడుస్తుంటే మొదటి వారం వీధంతా చూసింది. మూడో వీధి రిటైర్డు హెడ్మాస్టారు ఆగి మరీ చూశారు. రెండో నెలలో ఆయన పొమరేనియన్ వెంట ఆయన చేతిలోనూ పేపరు కనబడింది. ఒకళ్ళనొకళ్ళం చూసుకోనట్టు తలలు తిప్పుకుని పోతుంటాం.

పులికి కుటుంబ నియంత్రణ ఆపరేషను కూడా చేయించాం. అత్తయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "నోరు లేనిదానికి ఎంత అన్యాయం!" అని. నేను మా సందు చివర మురుగుకాలవ పక్క కళ్ళు తెరవని పిల్లల్ని చూపించాను. సంచిలో పెట్టి తెచ్చి అక్కడ పడేసింది ఎవరో ఇంటివాళ్ళే. వీధికుక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయని అందరూ అడుగుతారు. అన్నీ వీధిలోనే పుట్టవు.

వీధికుక్కల సంగతి ఈ మధ్య కోర్టుల దాకా వెళ్ళింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడి మీద కుక్కలు పడి ప్రాణం తీసిన వార్త చదివి ఆ రోజు అన్నం సహించని తల్లి లేదు. అదే ఏడు మార్చిలో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. ఆపరేషను చేసి, టీకా వేసి, తెచ్చినచోటే వదలాలి, తిండి పెట్టడానికి విడిగా చోటు చూపించాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది, రెండు వారాలు తిరక్కుండానే దాన్ని సవరించి, జబ్బువీ కరిచే గుణం ఉన్నవీ తప్ప మిగతావాటిని టీకా వేసి వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్ల లాంటి చోట్లనుంచి తీసేయమంది. కుక్కల్ని ప్రేమించేవాళ్ళూ భయపడేవాళ్ళూ టీవీలో అరుచుకున్నారు. మా సందులో రోజూ రాత్రి కుక్కలకి అన్నం పెట్టే ఇల్లాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ నాకు స్నేహితులే. ఒకసారి పిన్నిగారి కథ చెప్పి, సూదుల మాట ఎత్తాను. ఒకావిడ మాత్రం జులైలో ఆటో మాట్లాడి రెండింటిని ఆసుపత్రికి తెచ్చింది. మిగతా ఇద్దరూ, "మావి కావు కదండీ" అన్నారు.

ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట మధ్యలో చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను. కుక్క పన్ను గీరినా సరే, కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు వద్దు. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ వేసే పాత సూదులు మన దేశంలో 2004 చివరితో ఆగిపోయాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పుడు చేతి చర్మంలోకి, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవైఎనిమిదో రోజు వేస్తారు. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ వేసే మందు వేరే ఉంది. పెంపుడు కుక్కే కదా అని, టీకా వేసిందే కదా అని ఇంట్లో కూచోకండి.

లైసెన్సు మూడు వారాలకి వచ్చింది, నెంబరున్న బిళ్ళతో సహా. ఆ దీపావళికి టపాకాయల మోతకి బెదిరి పులి గొలుసు తెంపుకుని పారిపోయింది. రెండు వీధుల అవతల ఒక ఆటో అబ్బాయి పట్టుకున్నాడు. బిళ్ళ చూసి ఇంటికుక్కని తెలుసుకున్నాడు గానీ, నెంబరు పట్టుకుని ఎవర్ని అడగాలి? ఆఫీసుకి సెలవు. రాత్రంతా వాళ్ళ గుమ్మంలో కట్టేసి, పొద్దున్న వీధి వీధీ తిప్పి అడుగుతూ తెచ్చి ఇచ్చాడు. అప్పట్నుంచి బిళ్ళ వెనక మా ఫోను నెంబరు చెక్కించాం. మునిసిపాలిటీ వాళ్ళు ఆ పని తామే చేస్తే ఏం పోయిందో!

లైసెన్సు ఏడాదికే. మొన్న జులైలో కొత్త ఫారం, కొత్త టీకా కార్డు పట్టుకుని మళ్ళీ పిన్నిగారి తలుపు తట్టాను. ఆవిడ ఫారం సంగతి వదిలేసి ముందు కార్డు అడిగారు. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి తేదీ చూశారు, తిప్పి డాక్టరు ముద్ర చూశారు. గుమ్మం బయట గొలుసుతో కూచున్న పులి ఆవలించింది. ఆవిడ అటు చూడలేదు.

"ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు, కలం మూత తీస్తూ.